మీ ప్రింటర్‌కు ఏ భాష వచ్చు?

(హైదరాబాద్, చిక్కడపల్లిలో ఒక ఆదివారం ఉదయం, లైనక్స్ వాడేవాళ్ళూ వాడదామనుకునేవాళ్ళూ కలిసిన చిన్న సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగానే ఉంది, కానీ అది ఆపితే మీరు లేచిపోతారు.

నేను ఇంజనీర్‌ని కాను. అశోక్‌నగర్‌లో జిరాక్సు, డీటీపీ షాపు నడుపుతాను. గ్రూప్స్‌కు చదివే పిల్లలు నోట్సు తెస్తారు, తీసిస్తాం, స్పైరల్ వేసిస్తాం. షాపులో రెండు కంప్యూటర్లు, రెండింటిలోనూ విండోస్ బదులు లైనక్స్ మింటే. మారి తొమ్మిదేళ్ళయింది. ఏదో సిద్ధాంతం కోసం మారలేదండీ, వైరస్ బాధ పడలేక మారాను. పిల్లలు తెచ్చే పెన్‌డ్రైవుల్లో లేని జబ్బంటూ ఉండదు. పొద్దున షాపు తీస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయి ఉండేవి. లైనక్స్ వేశాక ఆ బాధ పోయింది. ప్రింటర్ బాధ మొదలైంది. (నవ్వులు)

పోయిన నెల సంగతి చెప్తాను. మా చెల్లెలి కూతురు బీటెక్‌లో చేరింది, ఉబుంటు వాడుతుంది, అదీ లైనక్స్‌లో ఒక రకమే. దానికి ప్రింటర్ కొందామని ఇద్దరం సికింద్రాబాద్ సీటీసీకి, అదే కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాం. అక్కడ మీకందరికీ తెలిసిందే, మెట్లెక్కుతుండగానే "అక్కా, ఏం గావాలె" అని నలుగురు పిలుస్తారు. ఒక షాపులోకి వెళ్ళి, లైనక్స్‌లో నడిచే ప్రింటర్ కావాలన్నాను. కౌంటర్ దగ్గర ఉన్న అబ్బాయి క్షణం కూడా ఆలోచించలేదు. "నడుస్తది అక్కా. అన్నిట్ల నడుస్తది. సీడీ ఇస్తం గద" అన్నాడు.

ఆ సీడీలో ఉండేది విండోస్ డ్రైవర్. పైగా మా దగ్గరున్న లాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు.

నేను బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీశాను. అందులో ఉబుంటు లైవ్ ఉంది. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. లాప్‌టాప్ ఆన్ చేసి, డిస్‌ప్లేకి పెట్టిన లేజర్ ప్రింటర్‌కు యూఎస్‌బీ కేబుల్ తగిలించమన్నాను. తగిలించాడు. ప్రింటర్ల కిటికీ తెరిచి చూస్తే ఏదో దొరికినట్టు పేరు చూపించింది గానీ, డ్రైవర్ ఎంచుకోమని పెద్ద జాబితా పెట్టింది. ఆ జాబితాలో ఆ మోడల్ లేదు. "దగ్గర్లది ఏదో ఒకటి పెట్టు అక్కా" అన్నాడు. పెట్టాను. మొదటి కాగితం మీద పైన రెండు లైన్ల చెత్త గుర్తులు, మిగతాది ఖాళీ. తర్వాత ఒకదాని వెనక ఒకటి తెల్ల కాగితాలు వస్తూనే ఉన్నాయి. స్విచ్ ఆపేశాం.

అదే కేబుల్ తీసి పక్కన ఉన్న వైఫై మోడల్‌కు పెట్టించాను. నేను ఏ బటనూ నొక్కలేదు. కొద్ది సెకన్లలో పేరు దానంతటదే వచ్చి కూర్చుంది. టెక్స్ట్ ఎడిటర్ తెరిచి లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం అని మూడు మాటలు కొట్టి ప్రింట్ ఇచ్చాను. ఒత్తులతో సహా చక్కగా వచ్చాయి. ఆ అబ్బాయి కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "డ్రైవర్ ఎయ్యలే గద అక్కా?" అన్నాడు.

వెయ్యలేదు. ఎందుకు వెయ్యక్కర్లేకపోయిందో అర్థమైతే ప్రింటర్ కొనడం వచ్చేసినట్టే. నేను ఈరోజు చెప్పాలనుకున్నది ఈ ఒక్క సంగతే.

ఇక్కడ ముగ్గులు వేసేవాళ్ళు ఉన్నారు కదా. మా అమ్మకు "పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా, సందు చుక్క" అంటే చాలు. మిగతాది ఆవిడే చూసుకుంటుంది, ఎక్కడ మెలిక తిప్పాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు అలా కాదు. పక్కన నిలబడి, ఇక్కడో చుక్క, ఇక్కడో చుక్క, ఇప్పుడు గీత ఇటు తిప్పు అని చేయి పట్టుకుని చెప్పాలి. ప్రింటర్లు కూడా రెండు రకాలు. ఒక రకానికి సొంత బుర్ర ఉంటుంది. "ఈ పేజీ, ఈ అక్షరం, ఈ సైజు" అని పంపితే అదే చుక్కలుగా మార్చుకుంటుంది. రెండో రకానికి బుర్ర ఉండదు. చుక్కలన్నీ కంప్యూటరే తయారుచేసి, ఆ ప్రింటర్‌కు మాత్రమే తెలిసిన పద్ధతిలో కట్ట కట్టి పంపాలి. ఆ కట్ట కట్టేదాన్నే మనం డ్రైవర్ అంటున్నాం.

1984లో హెచ్‌పీ లేజర్‌జెట్ వచ్చింది, దాని భాష పీసీఎల్. అదే ఏడాది అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ తెచ్చింది, 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ఆ భాషతో అమ్ముడైంది. ఈ రెండు భాషలకూ పుస్తకాలున్నాయి, వ్యాకరణాలున్నాయి, ఎవరైనా చదివి ప్రోగ్రాం రాసుకోవచ్చు. అందుకే ఆఫీసుల్లోంచి సెకండ్‌హ్యాండ్‌కు వచ్చే పాత బరువైన లేజర్‌జెట్‌లు, 1320, పీ2055 లాంటివి, ఇవాళ్టి లైనక్స్‌లో కూడా నోరెత్తకుండా పనిచేస్తాయి. మా షాపులో ఒకటుంది. ఎత్తాలంటే ఇద్దరు కావాలి.

తర్వాత ధర తగ్గించాలని కంపెనీలు ప్రింటర్‌లోంచి బుర్ర తీసేశాయి. ప్రాసెసర్ చిన్నది, మెమరీ తక్కువ, పని అంతా విండోస్ కంప్యూటర్ మీద వేసేశారు. ప్రింటర్ చవకైంది, అది మంచిదే. కానీ దాని భాష రహస్యమైపోయింది. మన ఊళ్ళో ప్రతి రెండో ఆఫీసులో కనబడే కానన్ ఎల్‌బీపీ 2900 తీసుకోండి. గట్టి యంత్రం, ఏళ్ళ తరబడి నడుస్తుంది, టోనర్ ఏ సందులోనైనా నింపుతారు. దాని భాష పేరు కాప్ట్. కానన్ వాళ్ళదే, బయటివాళ్ళకు చెప్పలేదు. లైనక్స్‌కు డ్రైవర్ ఇచ్చారు, ఇవ్వలేదని అనలేం. కానీ 64-బిట్ సిస్టమ్ మీద కూడా 32-బిట్ లైబ్రరీలు వేసుకోవాలి, వెనకాల ఒక సర్వీసు నడుస్తూ ఉండాలి, సిస్టమ్ అప్‌డేట్ అయిన రోజు మళ్ళీ మొదటికి.

హెచ్‌పీ 1020 కథ ఇంకా విచిత్రం. దాని ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే లోపలి ప్రోగ్రాం, ప్రింటర్‌లో నిలవ ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి పంపాలి. అంటే కరెంటు పోయి వచ్చిందనుకోండి, దానికి తన పేరు కూడా గుర్తుండదు. మనమే మళ్ళీ పలక మీద అక్షరాలు దిద్దించాలి. లైనక్స్ కోసం హెచ్‌పీ వాళ్ళిచ్చే హెచ్‌పీలిప్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్సే, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. మింట్, ఉబుంటు లాంటి లైనక్స్ రకాలను డిస్ట్రోలు అంటారు, చాలా డిస్ట్రోల్లో అది దొరుకుతుంది, ఆ విషయంలో వాళ్ళను మెచ్చుకోవాలి. కాకపోతే ఇలాంటి మోడళ్ళకు అదొక్కటే చాలదు, ప్లగిన్ అని ఇంకొకటి దించుకోవాలి. అది ఓపెన్ సోర్స్ కాదు. హెచ్‌పీలిప్ వెర్షన్ మారితే ప్లగిన్ కూడా మళ్ళీ అదే వెర్షన్‌ది దించుకోవాలి. కొనేముందు హెచ్‌పీలిప్ సైట్‌లో మోడల్ పేరు వెతకండి. ప్లగిన్ తప్పనిసరా కాదా అని అక్కడే రాసి ఉంటుంది. తప్పనిసరి అని ఉంటే నేనైతే పక్క మోడల్ చూస్తాను.

ఇప్పుడు అసలు మలుపు. 2010లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. ఐఫోన్‌లో ప్రతి కంపెనీ డ్రైవరూ వెయ్యడం కుదిరే పని కాదు. అందుకని ప్రింటర్లే ఒక ఉమ్మడి భాష నేర్చుకోవాలని పట్టుబట్టారు. ఐపీపీ అనే పద్ధతిలో, నెట్‌వర్క్ మీద "నేను ఫలానా, నాకు ఏ4 వచ్చు, కలర్ వచ్చు, రెండు వైపులా వచ్చు" అని ప్రింటరే పరిచయం చేసుకుంటుంది. 2013లో ఇదే దారిలో ఐపీపీ ఎవ్రీవేర్ అనే బహిరంగ ప్రమాణం వచ్చింది. ఫోన్ కోసం ప్రింటర్లలోకి మళ్ళీ బుర్ర వచ్చింది, లాభం మనకు దక్కింది. పెళ్ళి వాళ్ళింట్లో, విందు మనింట్లో.

మనింట్లో అని ఊరికే అనలేదు. లైనక్స్‌లో ప్రింటింగ్ చూసే సాఫ్ట్‌వేర్ పేరు కప్స్. మైకేల్ స్వీట్ అనే ఆయన మొదలుపెట్టారు, 1999లో బయటికొచ్చింది. ఆపిల్ దాన్నే 2002లో మ్యాక్‌లో పెట్టుకుంది, 2007లో కొనేసింది. ఆయన 2019లో ఆపిల్ నుంచి బయటికొచ్చాక, ఓపెన్‌ప్రింటింగ్ అనే బృందం దగ్గర ఆ పని కొనసాగుతోంది. అంటే మ్యాక్‌లోనూ మన మింట్‌లోనూ లోపల ఉన్నది ఒకే వేరు. విండోస్ కూడా ఇటే వస్తోంది. కంపెనీల సొంత ప్రింటర్ డ్రైవర్లను దశలవారీగా వదిలించుకుంటామని 2023 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

కాబట్టి షాపులో మీరు అడగాల్సింది "లైనక్స్‌లో నడుస్తదా" అని కాదు. ఆ ప్రశ్నకు సీటీసీలో ఒకటే జవాబు, ఇందాకే విన్నారు. "ఐఫోన్‌లోంచి యాప్ లేకుండా ప్రింట్ వస్తుందా" అని అడగండి. ఆ సంగతి వాళ్ళకు తెలిసి ఉంటుంది, ఎందుకంటే కొనేవాళ్ళు అడుగుతారు. అట్టపెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అనో, ఆండ్రాయిడ్ ఫోన్లకు అలాంటిదే అయిన మోప్రియా అనో గుర్తు ఉందేమో చూడండి. ఉంటే మన పని చాలావరకు అయిపోయినట్టే. వైఫై వద్దు, కేబులే కావాలన్నా ఇబ్బంది లేదు. ఈ కొత్త ప్రింటర్లలో చాలావాటికి కేబుల్ మీద కూడా అదే భాష వస్తుంది, ఈ మధ్య డిస్ట్రోల్లో దానికోసం ఐపీపీ-యూఎస్‌బీ అనే ప్యాకేజీ ముందే ఉంటోంది. సీటీసీలో పేరు దానంతటదే వచ్చింది అందుకే.

ఇక నేను దెబ్బ తిన్న కథ. కంపెనీ పేరు చెప్పను. నాలుగేళ్ళ క్రితం ఇంటికి ఆల్-ఇన్-వన్ కొన్నాను, ప్రింటు, స్కాను, కాపీ అన్నీ ఒకదాంట్లోనే. మొదటిరోజే ప్రింట్ ఇచ్చి చూశాను, వచ్చింది. కాలర్ ఎగరేశాను. మూడు వారాల తర్వాత నాన్నగారి మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లులు స్కాన్ చేసి పంపాల్సి వచ్చింది. స్కానర్ దొరకలేదంటుంది కంప్యూటర్. ప్రింటర్ ఉంది, స్కానర్ లేదు. రెండూ ఒకే డబ్బాలో ఉన్నా కంప్యూటర్ లెక్కలో వేర్వేరు పరికరాలట, నాకప్పుడు తెలియదు. కంపెనీ సైట్‌లో స్కానర్ డ్రైవర్ ఉంది గానీ అది ఎప్పటిదో పాత వెర్షన్‌కు. రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ మీద బిల్లులు పరిచి ఫోన్‌తో ఫోటోలు తీశాను. ట్యూబ్‌లైట్ వెనక, నా తల నీడ బిల్లు మీద. నాన్నగారు పక్కన నిలబడి "మరి ఆ యంత్రం ఎందుకు కొన్నట్టు?" అని ఒకే ఒక్కసారి అడిగారు. అక్షరాలు కనబడటం లేదని ఫోటోలు తిరిగొచ్చాయి.

అప్పటినుంచి షాపులో పరీక్ష చేసేటప్పుడు స్కాన్ కూడా చేసి చూస్తాను. ప్రింట్‌కు ఎయిర్‌ప్రింట్ ఎలాగో స్కాన్‌కు ఈఎస్‌సీఎల్ అలాగ. ప్రింటర్ ఆ పద్ధతి పాటిస్తే లైనక్స్‌లో సేన్-ఎయిర్‌స్కాన్ అనేది దాన్ని పట్టుకుంటుంది, వేరే డ్రైవర్ అక్కర్లేదు. డాక్యుమెంట్ స్కానర్ అనే చిన్న ప్రోగ్రాం లైవ్ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది, అది తెరిచి ఆధార్ జిరాక్సు పెట్టి ఒక స్కాన్ తీయండి. కాకపోతే ఆ ఫైలు షాపులో వదిలి రాకండి.

ఇంకు సంగతి పొడుగ్గా చెప్పను. నెలకు నాలుగు కాగితాలు తీసేవాళ్ళకు ఇంకు ప్రింటర్ వద్దే వద్దు. మన మే నెల ఎండకు నాజిల్‌లో ఇంకు ఆరిపోతుంది. క్లీనింగ్ పెడితే మిగిలిన ఇంకు అక్కడే తాగేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ చాలనుకుంటే లేజర్ కొనండి, టోనర్ పొడి కదా, ఆరేదేం లేదు. కలర్ తప్పదు, వాడకం ఎక్కువ అంటే ఇంకు ట్యాంకు. ఎప్సన్ ఎల్ సిరీస్‌కు ఈఎస్‌సీ-పీఆర్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ డిస్ట్రోల్లోనే ఉంటుంది. చవక లేజర్లలో బ్రదర్ ఎల్2300 వరసలో చాలా మోడళ్ళకు బీఆర్‌లేజర్ అని ఉంది. అది కంపెనీవాళ్ళు ఇచ్చింది కాదు, బయటివాళ్ళు రాసింది.

అన్నట్టు, ఈ ఓపెన్ సోర్స్ గొడవ మొదలవడంలోనే ఒక ప్రింటర్ చెయ్యి ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌కు జిరాక్స్ కంపెనీ ఒక కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అది మాటిమాటికీ కాగితం ఇరికించుకునేది. రిచర్డ్ స్టాల్‌మన్ అంతకుముందు పాత ప్రింటర్ ప్రోగ్రాం మార్చి, కాగితం ఇరుక్కుంటే ఎదురుచూస్తున్నవాళ్ళ తెర మీద కబురు వచ్చేలా చేశారు. కొత్తదానికీ అలా చేద్దామంటే, దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత, ఇవ్వడం కుదరదన్నారు. ఆ కోపం ఆయన మర్చిపోలేదు. 1983లో అందరూ చూసి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. మనం మాత్రం ఆ కంపెనీ పేరునే బోర్డు మీద రాసుకుని పొట్టపోసుకుంటున్నాం. (నవ్వులు)

తెలుగు గురించి ఒక అపోహ తీరుస్తాను. "లైనక్స్‌లో తెలుగు ప్రింట్ సరిగా రాదు, ఒత్తులు పక్కకు పోతాయి" అని ఇంకా అంటున్నారు. ప్రింటర్‌కు తెలుగు రానక్కర్లేదండీ. స్త్రీలో ఒత్తులు ఎక్కడ పడాలో తేల్చేది కంప్యూటర్‌లోని హార్ఫ్‌బజ్ లాంటి సాఫ్ట్‌వేరూ ఫాంటూ కలిసి. తెర మీద సరిగ్గా ఉంటే కాగితం మీద సరిగ్గానే ఉంటుంది. తెర మీదే విరిగితే ప్రింటర్‌ను తిట్టి లాభం లేదు. రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. లిబ్రె ఆఫీస్‌లో పీడీఎఫ్ చేస్తే ఫాంటు అందులోనే కలిసిపోతుంది. శుభలేఖ పీడీఎఫ్ పట్టుకుని ఛత్తా బజార్‌కు వెళ్ళినా అక్షరం చెదరదు. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్ళ సంగతి వేరు. అవి అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి పద్ధతి అయిన యూనికోడ్ కాదు, వాటికి ఇంకో ఆదివారం కావాలి.

ఇంకొకటి, చిన్నదే గానీ మా షాపుకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే. ప్రింట్ ఇచ్చారు, ప్రింటర్ మీద నారింజ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, కాగితం రాదు. ప్రింటర్ పాడైందనుకుని మోసుకొస్తారు. ఏం లేదు, సిస్టమ్ వేసేటప్పుడు భాష దగ్గర ఇంగ్లీష్, యునైటెడ్ స్టేట్స్ అని వదిలేసి ఉంటారు. దాంతో కాగితం సైజు లెటర్ అయిపోతుంది. లెటర్ అంటే 216 బై 279 మిల్లీమీటర్లు, మన ఏ4 210 బై 297. ప్రింటర్ పాపం అమెరికా కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇండియా అని పెట్టండి, లేదా బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ కోలన్ 631 అని కొడితే కప్స్ పేజీ వస్తుంది, అక్కడ ప్రింటర్ డిఫాల్ట్స్‌లో ఏ4 పెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: కంపెనీ సైట్‌లో లైనక్స్ డ్రైవర్ ఉంటే సరిపోతుంది కదా మేడమ్?)

ఉండటం వేరు, పనికిరావడం వేరు తమ్ముడూ. తేదీ చూడు. ఏ ప్రాసెసర్‌కు కట్టారో చూడు. ఇంటెల్‌కు కట్టిన డ్రైవర్ రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద నడవదు, దాంట్లో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. పాత యూఎస్‌బీ ప్రింటర్‌ను ఆ బుల్లి కంప్యూటర్‌కు తగిలించి ఇంట్లో అందరికీ పంచుదామని చాలామంది అనుకుంటారు, మంచి ఆలోచనే. కాకపోతే సోర్స్ దొరికే డ్రైవర్ ఉన్న ప్రింటర్‌తోనే అది సులువు.

(ఒక పెద్దాయన: మాది బేగంబజార్‌లో హోల్‌సేల్ కొట్టు. డాట్ మ్యాట్రిక్స్ ఉంది, టీవీఎస్‌ది. దానికి కొత్తది కొనాలా?)

అస్సలొద్దు సార్. ఇక్కడున్న అందరికన్నా మీకే తేలిక. ఆ జాతి ప్రింటర్లు ఎప్సన్ పాత భాష ఈఎస్‌సీ-పీ మాట్లాడతాయి, మీది తొమ్మిది పిన్నులదైతే లైనక్స్‌లో ఎప్సన్ తొమ్మిది పిన్నుల డ్రైవర్ ఎంచుకోండి. ఇంగ్లీషు బిల్లును బొమ్మ చెయ్యకుండా ఉత్త అక్షరాలుగా పంపితే టకటకా కొట్టేస్తుంది. తెలుగు కావాలంటే బొమ్మలా గీయాలి కాబట్టి నెమ్మదిగా వస్తుంది, చప్పుడు మాత్రం రెట్టింపు.

(ఒక విద్యార్థిని: మేడమ్, మా ఇంట్లో ఆల్రెడీ 2900 ఉంది. పారెయ్యాలా?)

అయ్యో, పారెయ్యకమ్మా. కాప్ట్‌డ్రైవర్ అని ఓపెన్ సోర్స్‌లో ఒకటుంది, ఆ మోడల్‌ను దృష్టిలో పెట్టుకునే రాశారు. సోర్స్ నుంచి కట్టుకోవాలి, కొంచెం ఓపిక కావాలి. కుదరకపోతే అమ్మెయ్, విండోస్ వాళ్ళు ఎగబడి కొంటారు, దానికి రీసేల్ బాగుంటుంది. వచ్చే ఆదివారం ఇక్కడికి తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఆటోలో ఒళ్ళో పెట్టుకునే ముందు టోనర్ బయటికి తీసి కవర్‌లో చుట్టు, లేకపోతే డ్రెస్సు పోతుంది. కేబుల్ మర్చిపోకు, నా దగ్గర ఒక్కటే ఉంది, అదీ పొట్టిది.